మూడు రోజుల హాజరు

మా చెల్లెలు ఎత్నా డబ్లిన్‌లో టీచరు చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన ఏడు జూన్ నెలంతా వాన పడుతూనే ఉంది. బస్సు దిగి మూడు మైళ్లు నడిచి వచ్చింది. తను నిలువునా తడిసింది గానీ సర్టిఫికెట్టు మాత్రం తడవలేదు. దాన్ని కోటు లోపల ఒంటికి ఆనించి దాచుకుంది. మా అమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. చదవడం రాదు గనక అడుగున ఉన్న ఎర్ర ముద్రని వేలితో తడిమి, ఇది నిజమైనదేనా అని అడిగింది. నిజమైనదేనమ్మా అని ఎత్నా నవ్వాక, తీసుకెళ్లి పొయ్యి పైన ఏసు తిరుహృదయం పటం వెనక పెట్టింది. ఆ వారమంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ తీసి చూపించింది. చూపించే ముందు వాళ్లని చేతులు కడుక్కోమనేది.

నాకు చదువు అబ్బలేదు, అబ్బే తీరికా లేదు. పదకొండో ఏట నన్ను ఊళ్లో పిల్లలందరితో పాటు స్కాట్లాండుకి బంగాళాదుంపలు ఏరడానికి పంపారు. జూన్‌లో పడవెక్కితే అక్టోబరు ఆఖరికి గానీ ఇల్లు చూసేవాళ్లం కాదు. డొనెగాల్ తీరంలో మా రోస్‌గార్ లాంటి ఊళ్లన్నిటికీ అదే బతుకు. ఎత్నా నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. దానికి పదకొండు నిండిన ఏడు దాన్ని కూడా పడవెక్కించాలని మాట వచ్చింది. దీన్ని పంపేటట్టయితే నేను వెళ్లను అని భీష్మించుకుని కూర్చున్నాను. అలా అది బడిలో ఉండిపోయింది.

చదువైతే అయింది. ఉద్యోగం ఏదీ?

మా వైపు బడి అంటే ఫాదరు గారి బడే. జీతం డబ్లిన్ నుంచి వస్తుంది గానీ, ఎవరిని పెట్టుకోవాలో చెప్పేది ఆ ఊరి చర్చి ఫాదరు గారు. అర్జీ పోస్టులో వేసి ఊరుకుంటే సరిపోదు. మనిషి వెళ్లి కనపడాలి, ఎవరి బిడ్డో చెప్పుకోవాలి. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లడం బాగోదని నేను తోడు వెళ్లేదాన్ని. మాకున్నది ఒకటే సైకిలు. రెండోది పక్కింటి గ్రానియా ఇచ్చేది. గ్రానియాకి అయిదుగురు పిల్లలు, గంపెడు నోరు, అంతకంటే పెద్ద మనసు. ఆ వేసవిలో పదకొండు గుమ్మాలు ఎక్కాం. లోపలికి దాన్ని ఒక్కదాన్నే పిలిచేవాళ్లు. నేను గోడ పక్కన రెండు సైకిళ్లూ పట్టుకుని నిలబడేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు దాని నడక చూస్తే చాలు, అడగక్కర్లేకపోయేది.

ఒకచోట ఆ ఉద్యోగం ఫాదరు గారి మేనకోడలికి అప్పటికే మాట ఇచ్చేశారు. ఇంకోచోట మగ టీచరే కావాలన్నారు. మరోచోట వంటమనిషి తలుపు సగమే తెరిచి, నీది నలభై నాలుగో అర్జీ పిల్లా అని చెప్పి, వానలో నిలబడ్డ దాన్ని చూసి జాలిపడి ఒక రొట్టెముక్క చేతిలో పెట్టి మూసేసింది. లోపలిదాకా పిలిచిన చోట మాత్రం ఆఖరి ప్రశ్న ఒకటే. చర్చిలో హార్మోనియం వాయిస్తావా? ఎత్నాకి రాదు. అది నేర్చుకోవాలంటే ఎక్కడో ఒక హార్మోనియం ఉన్న ఇంట్లో పుట్టాలి గదా.

పదకొండోచోటు నుంచి తిరిగొస్తూ కొండ ఎక్కలేక సైకిళ్లు దిగి నడుస్తున్నాం.

"అక్కా, లెక్కలు చెప్పడం వచ్చా అని ఒక్కళ్లయినా అడగలేదే," అంది.

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"హార్మోనియానికి ఎన్ని మెట్లుంటాయో లెక్కపెట్టి చెప్పేదాన్ని."

ఇద్దరం రోడ్డు మధ్యలో ఆగి పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక అది మొహం అటు తిప్పుకుంది.

ఆగస్టులో మా ఊరి బడిలోనే చోటు ఖాళీ అయింది. మాది రెండు గదుల బడి. పెద్ద పిల్లలకి మాస్టారు గిల్డే చెప్పేవారు, చిన్న పిల్లలకి మిస్ హానిగన్ అని ఒకావిడ చెప్పేది. ఆవిడ పట్నంలో బట్టల కొట్టాయన్ని పెళ్లాడబోతోంది. పెళ్లయిన ఆడమనిషి బడిలో ఉండకూడదని అప్పట్లో రూలు. ఆ కబురు తెలిసిన పూట మా అమ్మ ఎవరికీ చెప్పకుండా జపమాల పట్టుకుని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆవిడకి అప్పటికే గుండెజబ్బు. వాకిలి దాటితే రొప్పేది. ఎత్నా దూరం పోకుండా కళ్లెదుట ఉంటుందని, నడిచివెళ్లి వచ్చేంత దూరంలో ఉద్యోగం చేస్తుందని, అంతకంటే ఆవిడ దేవుణ్ణి ఏం కోరలేదు. ఇది కూడా తప్పిపోతే ఇక పరాయిదేశం పడవే గతి అని మా ముగ్గురికీ తెలుసు. నోరు తెరిచి ఎవరం అనుకోలేదు, అంతే.

ఫాదర్ డెవెనీ స్వయంగా మా ఇంటికి వచ్చారు. అమ్మ బంగారు అంచు కప్పు తీయించింది. ఆయన టీ సగం తాగి కప్పు కింద పెట్టి, ఉద్యోగం ఇస్తానమ్మా, కానీ ఆ ఉద్యోగమే ఉంటుందో ఉండదో నాకు తెలీదు అన్నారు. బడికి రెండో టీచరు ఉండాలంటే సగటు హాజరు ముప్పై ఉండాలట. కిందటేడు ఇరవై ఎనిమిదికి పడిపోయింది. డబ్లిన్ ఆఫీసువాళ్లు ఆఖరుసారి చూస్తామన్నారు. అక్టోబరు మొదలు క్రిస్మస్ సెలవుల దాకా బడి తెరిచిన ప్రతిరోజు హాజరూ కూడి, అన్ని రోజులకీ పంచితే ముప్పై రావాలి. వస్తే ఎత్నా ఉద్యోగం ఖాయం. రాకపోతే ఆ చోటే తీసేసి, మాస్టారు ఒక్కరినే రెండు గదులూ చూసుకోమంటారు.

"ముప్పై ఏం భాగ్యం ఫాదరు గారూ," అంది అమ్మ. "ఊళ్లో బడికెళ్లే పిల్లలు ముప్పై ఆరుగురు. మాస్టారి పిల్లలిద్దరూ, పోలీసాయన పిల్లలిద్దరూ వేరేచోట పుట్టి వచ్చారు. మిగతా ముప్పై ఇద్దర్నీ ఈ చేతుల్తోనే పట్టాను."

మా అమ్మ మంత్రసాని. వాన అనకుండా గాలి అనకుండా ఏ ఇంటినుంచి పిలుపొచ్చినా శాలువా కప్పుకుని వెళ్లేది.

ఫాదరు గారు నవ్వారు. "పుట్టించడం మీ వంతు అయిపోయింది. కూర్చోబెట్టడం మీ అమ్మాయి వంతు."

ఆయన వెళ్లాక సగటు అంటే ఏమిటో ఎత్నా నాకు రెండుసార్లు చెప్పింది. తల ఊపాను గానీ బుర్రకెక్కలేదు. గిన్నెడు పాలల్లో ఒక చెంచా తగ్గితే ఎవరికి కనపడుతుంది అనుకునే మనిషిని నేను.

అక్టోబరు కటకటగా నడిచింది. పెద్ద పిల్లల్లో సగం మంది స్కాట్లాండులోనే ఉన్నారు. నా మొగుడు కొలుమ్ ఆ కూలిజట్టుకి పెద్ద. ఆ ఏడు చంటిబిడ్డ ఉందని నేను వెళ్లలేదు. ఉన్న పిల్లలయినా రోజూ బడికొస్తారా అంటే, ఒకరోజు దుంపలు తవ్వాలి, ఒకరోజు ఆవు ఈనింది, ఒకరోజు బూట్లు లేవు. ఎత్నా సాయంత్రం బడి మూసి ఇంటికి రాకుండా, ఆరోజు రానివాళ్ల ఇళ్లకి వెళ్లేది. నేనూ చంటిదాన్ని శాలువాలో కట్టుకుని వెంట వెళ్లేదాన్ని.

గ్రానియా పెద్దకొడుకు ఓవెన్ నాలుగురోజులు రాలేదు. మా వైపు చెట్లు లేవు, కట్టెలు లేవు. బురదనేల నుంచి పెళ్లలు కోసి ఎండబెట్టుకుంటే అవే పొయ్యిలోకి. ఆ పెళ్లలు కొండమీదనుంచి మోసుకురావడానికి వాణ్ణి ఆపేసింది.

"వాణ్ణి రేపు పంపు గ్రానియా. శనివారం నేనూ అక్కా వచ్చి పెళ్లలు మోస్తాం," అంది ఎత్నా.

"బాగుంది టీచరమ్మా. నీ బడికి నా పిల్లాడూ, నా పొయ్యికి నువ్వూనా?" అంది గ్రానియా. "డబ్లిన్‌లో రెండేళ్లు చదివింది ఇందుకా?"

అయినా పంపింది. శనివారం మేమిద్దరం వీపున బుట్టలు కట్టుకుని వెళ్తే, మమ్మల్ని చూసి నవ్వుకోవడానికని సగం ఊరు వచ్చింది. వచ్చినవాళ్లు ఊరుకోక తలో బుట్ట అందుకున్నారు. మధ్యాహ్నానికి గ్రానియా పెరట్లో పెళ్లలు గోడెత్తు లేచాయి. మా ఊరు అలాంటిది. నోటితో దెప్పుతుంది, చేత్తో మోస్తుంది.

అక్టోబరు ఆఖరిరోజున స్కాట్లాండు నుంచి జట్లు తిరిగి వచ్చాయి. బస్సు ఆగేచోట తల్లులు పిల్లల్ని కావలించుకుంటుంటే, ఎత్నా పక్కనే కాగితం పట్టుకుని నిలబడింది. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి, రేపు కాదు, రేపు పండగ, ఎల్లుండి తొమ్మిదింటికి అని చెప్పింది. ఒకడు స్కాట్లాండు యాసలో ఏదో ఎదురు చెప్పబోతే వాళ్ల నాన్నే నెత్తిమీద ఒకటి వేశాడు. మా కొలుమ్ నన్ను చూసి, "మీ చెల్లెలు నాకంటే పెద్ద జట్టు కడుతోందే," అన్నాడు.

నవంబరులో ముప్పై నాలుగు, ముప్పై అయిదు తగ్గలేదు. ఎత్నా రోజూ సాయంత్రం అమ్మ మంచం దగ్గర కూర్చుని లెక్క అప్పజెప్పేది. అమ్మ అప్పటికి మంచం దిగడం మానేసింది. ఎంతమంది అని ముందు అడిగేది, ఎవరు రాలేదు అని తర్వాత అడిగేది. రానివాడి పేరు చెప్పగానే వాడు పుట్టిన రోజు కథంతా చెప్పేది. వీడు కాళ్లతో వచ్చాడు, అది పుట్టి గంటసేపు ఏడవలేదు, ఈ పిల్లప్పుడు వాళ్ల నాన్న కళ్లు తిరిగి పడితే ముందు ఆయన్ని లేపాల్సి వచ్చింది. ఎత్నా మర్నాడు బడిలో ఆ పిల్లల్ని చూసి నవ్వాపుకోలేకపోయేదట. డిసెంబరు మొదటివారం దాటేసరికి సగటు ముప్పైన్నరకి వచ్చింది. ఇంకో తొమ్మిది రోజులు ఇలాగే గడిస్తే చాలు అంది.

రెండోవారం సోమవారం సాయంత్రం, ముప్పై అయిదు అని చెప్పింది.

"ఎవరు రాలేదు?"

"గ్రానియా చిన్నోడు. దగ్గట."

"వాడు పుట్టినప్పుడే దగ్గాడు," అంది అమ్మ. అని కళ్లు మూసుకుంది. అవే ఆవిడ ఆఖరి మాటలు. మంగళవారం తెల్లవారుతుండగా పోయింది.

మా ఊళ్లో శవం మట్టి పైన ఉన్నంతసేపు ఎవరూ పార పట్టరు, వల వేయరు, రాట్నం తిప్పరు. మూడురోజులు జాగారం. గడియారం ఆపేశాం, అద్దానికి గుడ్డ కప్పాం. ఆడవాళ్లు అమ్మకి స్నానం చేయించి గోధుమరంగు అంగీ తొడిగారు. ఎత్నా తల దువ్వింది. అది పొద్దుటినుంచి ఏడవలేదు, తలాపి పక్కన కుర్చీలో కూర్చుండిపోయింది. నేను మాత్రం నిలబడలేక పెరట్లో కప్పులు కడుగుతున్నాను. ఎన్ని కప్పులు కడిగినా ఇంకా ఉన్నాయి. ఇంటింటినుంచీ కప్పులు పంపారు.

గ్రానియా వచ్చి నా పక్కన వంగి తనూ ఒక కప్పు అందుకుంది. దాన్ని కడిగి బోర్లించింది. తర్వాత అడిగింది.

"ఊనా, ఒక మాట. ఫాదరు గారు బిషప్పు దగ్గరికి వెళ్లి శుక్రవారం దాకా రారట. మాస్టారు బడి తెరిచే ఉంచారు. పిల్లల్ని పంపాలా, మానాలా? ఊళ్లో అందరూ నిన్ను అడగమన్నారు."

ఆ క్షణంలో నా కళ్లముందు ఉన్నది అమ్మ ఒక్కతే. ఏ అర్ధరాత్రి లేపినా విసుక్కోకుండా ఈ ఇళ్లన్నీ తిరిగిన మనిషి. నాకు పట్టలేనంత గర్వం, దుఃఖం కలిసి వచ్చాయి.

"ఆవిడ చేతుల్లో పడని పిల్ల ఎవరింట్లో ఉంది గ్రానియా?" అన్నాను. "ఒక్కళ్లు తప్పినా నేను ఒప్పుకోను. అందరూ రావాలి."

"నేనూ అదే అన్నాను," అంది గ్రానియా. చేతులు తుడుచుకుని, ఇంటింటికీ చెప్పడానికి వెళ్లింది.

అందరూ వచ్చారు. మూడురోజులూ వచ్చారు. తల తడిపి దువ్వి, ఆదివారం బట్టలు వేసి, చిన్నవాళ్లని ముందు పెట్టి తీసుకొచ్చారు. ఒక్కొక్కరే మంచం పక్కన మోకరించి అమ్మ చేతిని ముట్టుకున్నారు. ఆ చేతులే నిన్ను మొదట ముట్టుకున్నాయి అని తల్లులు చెవిలో చెబుతున్నారు. దగ్గుతున్న చిన్నోణ్ణి కూడా గ్రానియా దుప్పట్లో చుట్టి తెచ్చింది. ఎత్నా కుర్చీలోంచి ఒక్కొక్కణ్ణీ చూస్తోంది. పెదవులు కదులుతుంటే జపం చేస్తోందనుకున్నాను. గురువారం పక్క ఊరి కుర్ర ఫాదరు వచ్చి పూజ చేశాడు. శవపేటిక వెనక ముప్పై ఇద్దరు పిల్లలు రెండు వరసల్లో నడిచారు. అంతటి సాగనంపు మా ఊళ్లో ఎవరికీ జరగలేదని అందరూ అన్నారు. నేనూ అన్నాను.

శుక్రవారం ఎత్నా ఏమీ తినకుండా బడికి వెళ్లిపోయింది. మూడింటికి నేను డబ్బాలో టీ, వెన్న రాసిన రొట్టె పట్టుకుని వెళ్లాను. పిల్లలు వెళ్లిపోయారు. చిన్నగదిలో మాస్టారు గిల్డే నిలబడి ఉన్నారు, ఎత్నా బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా హాజరుపట్టీలు రెండూ విప్పి ఉన్నాయి.

మాస్టారు కచ్చితమైన మనిషి. సిరా చుక్క పడితే రోజంతా బాధపడే రకం. ఆరోజు ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కోటు గుండీలు తడుముతున్నారు.

"ఫాదరు గారి సంతకం లేకుండా బడి మూసే అధికారం నాకు లేదమ్మాయ్," అంటున్నారు. "పోనీలే, తెరిచి ఉంచితేనే నీకు మంచిది, నీ కోసం పిల్లల్ని పంపుతారు అనుకున్నాను. నా పిల్లలూ, ఆ పోలీసాయన పిల్లలూ, నలుగురే వచ్చారు. మూడురోజులూ నలుగురే. మూసి ఉంటే అసలు ఆ రోజులు లెక్కలోకే వచ్చేవి కావు. బుద్ధిలేక తెరిచాను."

ఎత్నా ముందు ఒక కాగితం మీద ఏదో కూడి భాగించి ఉంది. అంకెలు చదవడం నాకు వచ్చు. ఇరవై తొమ్మిదిన్నర దగ్గర గీత గీసి ఉంది. ఇక మిగిలిన రోజులన్నీ ముప్పై ఆరుగురూ వచ్చినా అది ముప్పైకి చేరదని, నేను అడక్కుండానే తనే చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

నా చేతిలో టీ డబ్బా వేడిగా ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయాను.

మాస్టారు చిన్నగది పట్టీని ఎత్నా ముందుకి జరిపారు. ఆ మూడురోజుల గడులూ ఖాళీగా ఉన్నాయి. "నీ గది నువ్వే నింపాలి. నా గది సంగతి కూడా, నువ్వు ఎలా అంటే అలా," అన్నారు. అని కిటికీ వైపు తిరిగి, బయట ఏమీ లేని రోడ్డుని చూస్తూ నిలబడ్డారు. అంతటి మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డారో నాకు ఆయన మెడ చూస్తే తెలిసింది.

ఎత్నా కలం సిరాలో ముంచింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. నేను లోలోపల, రాసెయ్యవే, రాసెయ్యవే అని అనుకుంటున్నాను.

"మా అమ్మ పాదాల దగ్గర నిలబడ్డ పిల్లల్ని ఇక్కడ కూర్చున్నారని ఎలా రాయను మాస్టారూ?" అంది. "నేనే చూశాను గదా వాళ్లని అక్కడ."

పై నుంచి కిందకి రాని ఒక్కొక్క పేరుకీ ఎదురుగా సున్నా చుట్టుకుంటూ పోయింది. సిరా ఆరేదాకా ఊదింది. పట్టీ మూసి ఆయన చేతికిచ్చి, టీ తాగుతారా మాస్టారూ అని అడిగింది.

శనివారం ఫాదరు గారు మమ్మల్ని పలకరించడానికి వచ్చారు. సంగతి విని, నాకు ఒక్క తంతి కొడితే పోయేదే అని చాలాసేపు తల పట్టుకు కూర్చున్నారు. ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశారు. జనవరి మూడోవారంలో జవాబు వచ్చింది. చావు కబురుకి సానుభూతి ఒక వాక్యంలో ఉంది. ఉద్యోగం తీసేశామన్నది ఇంకో వాక్యంలో.

ఫిబ్రవరిలో ఇంగ్లండు నుంచి ఎత్నాకి ఉత్తరం వచ్చింది. అక్కడ టీచర్లకి కరువట. ఏదో ఫ్యాక్టరీల ఊళ్లో, ఒక్క తరగతికే నలభై ఎనిమిది మంది పిల్లలున్న బడి. అర్జీ పెట్టిన వారానికే వచ్చి చేరమన్నారు. ఉద్యోగం దొరికిందని సంతోషపడాలి గదా. కొలుమ్ వాళ్లన్నయ్య బండి తెస్తానంటే వద్దంది. బస్సు దాకా నడుస్తానంది. అట్టపెట్టె నేను మోశాను. సర్టిఫికెట్టు మళ్లీ కోటులోపలే పెట్టుకుంది.

రెండు మైళ్లు అదీ ఇదీ మాట్లాడుతూ నడిచాం. చంటిదానికి పళ్లు వస్తున్నాయి, ఆవుని అమ్మాలా వద్దా, ఇలాంటివి. మూడో మైలులో ఇక నావల్ల కాలేదు. పెట్టె రోడ్డు మీద పెట్టేశాను.

"ఎత్నా, పిల్లల్ని బడికి పంపొద్దని చెప్పింది నేనే. గ్రానియా నన్ను అడిగింది. అందరూ రావాలని నేనే అన్నాను."

అది నాకేసి చూసింది. కోపం లేదు. ఆ చూపులో కోపం ఉంటే ఈ రోజుకి నాకు ఇంత బరువుండేది కాదు.

"తెలుసక్కా. అమ్మ ప్రాణం వెళ్లడానికని నువ్వే గదా కిటికీ తీశావు. మీ ఇద్దరి మాటలూ వినపడ్డాయి."

"విని ఎందుకు ఊరుకున్నావే? ఒక్కమాట అంటే పంపేవాళ్లే గదా."

"అనేదాన్నే. లేవబోయాను కూడా." పెట్టె తీసి తన చేతిలోకి తీసుకుంది. "కానీ అమ్మని చూస్తే, నాకూ అందరూ రావాలనిపించింది."

కొంతదూరం పోయాక, ఇంకో మాట అంది. "ఊళ్లోవాళ్లకి మాత్రం ఎప్పుడూ చెప్పకు. వాళ్లు మంచి చేశామనుకున్నారు. మంచే చేశారు." నేను మాటిచ్చాను. బస్సు ఆలస్యం కాలేదు. ఆ ఒక్కరోజయినా ఆలస్యం అవుతుందని అనుకున్నాను.

ఎత్నా ముప్పై నాలుగేళ్లు ఆ ఇంగ్లండు ఊళ్లోనే పిల్లలకి చెప్పింది. అక్కడే పోయింది. రెండుసార్లు వచ్చి వెళ్లింది, అదీ వారం చొప్పున. మా ఊరి బడి చిన్నగదికి తాళం పడింది. మాస్టారు ఒక్కరే అందరికీ చెబుతూ నాలుగేళ్లకే ముసలివారైపోయారు. చాలామంది పిల్లలు రెండో పుస్తకంలోనే ఆగి స్కాట్లాండు పడవ ఎక్కారు, నా చంటిదానితో సహా.

మాస్టారూ ఫాదరు గారూ బయటపెట్టలేదు గనక, అది ఎందుకు వెళ్లిపోయిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. లెక్క తక్కువైందని తెలుసు, ఎందుకు తక్కువైందో తెలియదు. అక్టోబరులో పిల్లలు లేక అనుకున్నారు. కాస్త ఓపిక పట్టి ఇంకోచోట చూసుకుంటే దొరికేది కాదా, దానికి మొదటినుంచీ పట్నం మీదే కన్ను అని కొందరన్నారు. తల్లి పోయిన రెండు నెలలకే పెట్టె సర్దింది, చదువుకున్నవాళ్ల మనసులు అంతే అని ఇంకొందరు. నేను విని ఊరుకునేదాన్ని. మొదట్లో పిడికిలి బిగుసుకునేది. తర్వాత తర్వాత అదీ పోయింది.

గ్రానియా పోయేముందు ఏడు, ఒక మధ్యాహ్నం కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఎనభై నిండాయి. చూపు సరిగా ఆనడం లేదు గానీ నోరు మాత్రం అలాగే ఉంది. మాటల్లో మా అమ్మ ప్రస్తావన వచ్చింది.

"ఆ సాగనంపు మళ్లీ ఎవరికయినా జరిగిందా ఊనా?" అంది. "మంచులో నా చిన్నోణ్ణి దుప్పట్లో చుట్టి తెచ్చాను. ఒక్క పిల్లాడు తప్పలేదు. ఊరంతా అంత చేసినా మీ చెల్లెలి కంటికి మేం ఆనలేదు చూడు."

ఆవిడ కళ్లలో ఇంకా ఆ నొప్పి ఉంది. నలభై ఏళ్లుగా ఉంది. ఒక్కమాటతో తీసేయొచ్చు. తీసేస్తే దాని చోట్లో ఏం పెట్టాల్సి వస్తుందో నాకు తెలుసు.

"అవును గ్రానియా," అన్నాను. "అందరూ వచ్చారు."

ఇంకొంచెం టీ పోయమని కప్పు ముందుకి జరిపింది. పోశాను.